సుత్తి పడకముందు

మా కంట్రోల్ రూమ్‌లో అక్క అంటే ఆమె ఒక్కతే. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్క అనే పిలిచేవాళ్ళు. నేనూ అంతే.

ఆమె చేసిన పని అర్థం కావాలంటే ముందు ఆ సభ గురించి చెప్పాలి. సముద్రాల మీద ఏ దేశానికి ఎంత హక్కుందో, ఎవరి పడవలు ఎక్కడిదాకా వెళ్ళి వల వేయవచ్చో తేల్చడానికి దేశదేశాల ప్రతినిధులు ఏటా వచ్చి కూర్చునే మండలి అది. పెద్ద గుండ్రటి హాలు. మెట్లు మెట్లుగా బల్లలు. ప్రతి బల్ల మీద ఒక మైకు, ఒక గ్లాసు నీళ్ళు, దేశం పేరు రాసిన ఒక పలక. హాలు వెనక, బాగా పైన, అద్దం గోడ వెనకాల మా గది. కెమెరాలన్నీ ఒకేసారి తలా ఒక బొమ్మ పంపిస్తుంటాయి. అవన్నీ ఆ గదిలో వరసగా మానిటర్ల మీద కనిపిస్తాయి. వాటిలో ఏ క్షణాన ఏ బొమ్మ జనం ఇళ్ళలోకి వెళ్ళాలో అక్క వేళ్ళు నిర్ణయించేవి. ఒక మీట నొక్కితే మాట్లాడేవాడి ముఖం, ఇంకోటి నొక్కితే హాలంతా, మరొకటి నొక్కితే అధ్యక్షుడు.

నాది మరమ్మతుల పని. మెట్ల కింద ఉన్న చిన్న గదిలో నా బల్ల, నా పనిముట్లు. కెమెరా తల బిగుసుకుపోయినా, మైకు గరగరమన్నా నా దగ్గరికే వస్తాయి. ఈ పని నాకు ఏ బడిలోనూ చెప్పలేదు. అక్కకూ అంతే. ఆమె మొదట తీగలు చుట్టే పనికి చేరింది. తీగ తనంతట తాను ఎటు తిరగాలనుకుంటుందో అటే చుట్టాలి, బలవంతం చేస్తే పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపల తెగుతుంది. ఆ సంగతి చేరిన వారంలోనే ఆమెకు తెలిసిపోయింది. చాలామందికి ఎప్పటికీ తెలియదు. ఆమె చుట్టిన తీగలు నా బల్ల మీదికి ఎన్నడూ రాలేదు.

ఆ మీటలుండే బల్లను స్విచ్చర్ అంటాం. దాని ముందు ఆమె కూర్చోవడం ఒక నవ్వొచ్చే కథ. అప్పట్లో ఆ కుర్చీ ఒక పెద్దాయనది. ఒకరోజు ఆయన పన్ను పీకించుకుని, బుగ్గ బూరెలా ఉబ్బించుకుని, నోట్లో దూది పెట్టుకుని వచ్చాడు. హెడ్‌సెట్‌లో ఏం చెప్పినా కెమెరావాళ్ళకు "బుబ్బుబ్బు" అనే వినిపిస్తోంది. ఆయన వేలితో చూపిస్తుంటే పక్కన నిలబడి అక్క మైకులో చెప్పసాగింది. కాసేపటికి ఆయన చూపించకముందే చెప్పసాగింది. సాయంత్రానికి ఆయన తలూపుతూ కూర్చున్నాడు. దూది తీశాక ఆయన అన్న మొదటి మాట, "ఇంత తెలిసీ ఇన్నాళ్ళూ తీగలు చుడుతున్నావేంటే?" అని.

మాట్లాడేవాడు ఊపిరి తీసుకునే చోట కట్ చేస్తే, అంటే బొమ్మ మారిస్తే, చూసేవాళ్ళకు కట్ అయినట్టే తెలియదు. మాట మధ్యలో చేస్తే అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. అక్కకు ఒక్కొక్క ప్రతినిధి ఊపిరీ తెలుసు. ఫలానా ఆయన కోపం రాబోయే ముందు కళ్ళజోడు తీస్తాడు, ఫలానావిడ ముగించబోయే ముందు కాగితాల అంచులు సర్దుతుంది, అన్నీ ఆమెకు తెలుసు. వీటన్నిటికంటే మా గదిలో అందరూ ఎదురుచూసేది అధ్యక్షుడి సుత్తి దెబ్బ కోసం.

ఆ సభలో ఒక పద్ధతి ఉంది. చాలా తీర్మానాలకు ఓట్లు ఉండవు. అధ్యక్షుడు తీర్మానం చదివి, "అభ్యంతరాలున్నాయా?" అని అడిగి, హాలంతా ఒకసారి చూసి, "లేవు" అని చెక్క సుత్తి కొడతాడు. అంతే, అయిపోయింది. అభ్యంతరం ఉన్నవాళ్ళు సుత్తి పడకముందే తమ దేశం పలకను నిలువుగా పైకెత్తాలి. సుత్తి పడ్డాక ఎత్తితే ఎత్తనట్టే లెక్క.

ఆ సుత్తి దెబ్బను అక్క చూపించినట్టు ఇంకెవరూ చూపించలేకపోయేవారు. "లేవు" అన్న మాట ఇంకా పెదవుల మీద ఉండగానే అధ్యక్షుడి దగ్గరి బొమ్మకు కట్. సుత్తి పైకి లేస్తుంది, ఒక్క క్షణం గాల్లో ఆగుతుంది, పడుతుంది. ఆ చప్పుడు హాల్లో పూర్తిగా ఆరిపోకముందే మళ్ళీ హాలంతా కనిపించే బొమ్మ. వార్తల వాళ్ళందరూ ఆ ముక్కే తీసుకుని వాడుకునేవారు. మా గదిలో ఎవరో ఒకరు "శభాష్" అనకుండా ఉండేవారు కాదు. బాగా చేసిన పనికి దక్కే ఆ ఒక్క మాట మాకు మిగతా అన్నిటికంటే ఎక్కువ.

ఈ ప్రసారం ఊరికే రాలేదు. అంతకుముందు ఆ హాలు తలుపులు వేసి ఉండేవి. లోపల ఎవరేమన్నారో బయటివాళ్ళకు ఆ తర్వాతెప్పుడో, అదీ ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబితే తెలిసేది. కెమెరాలు వద్దే వద్దని చాలా దేశాలు పట్టుబట్టాయి. చివరికి కొన్ని షరతుల మీద ఒప్పుకున్నాయి. మైకు వెలుగుతున్నవాళ్ళనూ, పలకెత్తినవాళ్ళనూ తప్ప ఎవర్నీ దగ్గరగా చూపించకూడదు. కునుకు తీస్తున్నవాళ్ళనూ, ఖాళీ కుర్చీలనూ, బల్ల మీది కాగితాలనూ చూపించకూడదు. బయటికి వెళ్ళిన బొమ్మనే రికార్డుగా దాచాలి, మిగతా కెమెరాల బొమ్మలు దాచకూడదు. ప్రసారం చేసే సిబ్బంది తాము మానిటర్ల మీద చూసినదాని గురించి ఎవరి పక్షానా మాట్లాడకూడదు. ఈ షరతుల కాగితం మా గది తలుపు పక్కనే అంటించి ఉండేది. కొత్తగా ఎవరు చేరినా అక్కే నిలబెట్టి చదివించేది.

"తలుపు మూసుకుని మాట్లాడుకునేవాళ్ళ చేత తలుపు తీయించాం. మనం నోరు పారేసుకున్నామంటే మళ్ళీ వేసేస్తారు. మన నోరు ఆ మీట. అది చాలు" అనేది.

ఆ తలుపు తీయించినందుకు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సంతోషించిన మనిషి అక్క వాళ్ళ అత్తగారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. పొద్దున కూరగాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటే సభ ముగిసేదాకా లేచేది కాదు. ప్రతినిధులందరికీ పేర్లు పెట్టేసింది. నీళ్ళు ఎక్కువ తాగే ఆయన కుండాయన. ప్రతి మాటకూ ముందు గొంతు సవరించుకునే ఆవిడ దగ్గులమ్మ. నేనొకసారి వాళ్ళింట్లో టీవీ తీగ బాగుచేయడానికి వెళితే, "రా నాయనా, త్వరగా చెయ్యి, కుండాయనకూ దగ్గులమ్మకూ ఇవాళ పడేట్టుంది" అంది. కోడలి మీద ఫిర్యాదులూ చెప్పింది. "మొన్న దగ్గులమ్మ ఏడవబోతుంటే మీ అక్క హాలంతా చూపించింది. ఏడుపు చూడనివ్వదు. మంచి మనిషే గానీ కాస్త పిసినారి."

"ఏడుస్తుంటే చూపించకూడదు అత్తయ్యా, పాపం" అంది అక్క లోపలినుంచి.

"చూడకపోతే పాపమని నాకెలా తెలుస్తుందే?"

అక్క నవ్వేసి ఊరుకుంది.

ఇక మాస్టారు. ఆయన ఒక చిన్న ద్వీపదేశం ప్రతినిధి. అసలు బడిపంతులట. వాళ్ళ దేశంలో ఈ పనికి వేరే మనిషి లేక ఆయన్నే పంపేవారు. చివరి వరసలో మూల బల్ల ఆయనది. రోజూ అందరికంటే ముందే హాల్లోకి వచ్చి మైకు మీద వేలితో టకటకమని కొట్టి, అద్దం గోడ వైపు తలెత్తి, "వినిపిస్తోందా అమ్మా?" అని అడిగేవాడు. అక్క పైనుంచి స్పీకర్‌లో, "వినిపిస్తోంది మాస్టారూ. హాజరు వేసేశాం, కూర్చోండి" అనేది. ఆయన నిజంగానే కూర్చునేవాడు. అంతకుమించి వాళ్ళిద్దరి మధ్య పరిచయం లేదు.

ఆ ఏడాది ఆఖరి తీర్మానాల్లో ఒకటి మాస్టారి ద్వీపం చుట్టూ ఉన్న నీళ్ళ గురించి. పెద్ద ఓడలు తీరానికి ఇంకా దగ్గరగా వచ్చి వేటాడేలా హద్దు జరుపుతారు. వాళ్ళ చిన్న పడవలు ఆ దగ్గరి నీళ్ళు దాటి సముద్రం లోపలికి పోలేవు. మాస్టారు అంతకుముందు రెండుసార్లు దాని మీద మాట్లాడాడు. విన్నవాళ్ళు తక్కువ. ఆయన చేతిలో మిగిలింది ఆ పలక ఒక్కటే. ఒక్క దేశం అభ్యంతరం చెప్పినా తీర్మానం మరుసటి ఏడాదికి వాయిదా పడుతుంది.

ఆ రోజు నేను హాలు పక్క సందులో ఉన్నాను. మైకుల తీగ ఒకటి తరచూ తెగిపోతుంటే దాని మూలం వెతుకుతున్నాను. నా చెవికి కూడా హెడ్‌సెట్ ఉంది కాబట్టి మాటలు విన్నాను. బొమ్మలు చూడలేదు.

అధ్యక్షుడు తీర్మానం చదివాడు. "అభ్యంతరాలున్నాయా?" అన్నాడు. అందరూ అలిసిపోయి ఉన్నారు. ఆయన గొంతులోనే త్వరగా ముగిద్దామన్న తొందర వినిపిస్తోంది.

హెడ్‌సెట్‌లో మూడో కెమెరా అబ్బాయి గొంతు. వాడు బాగా పొడుగు, మేమంతా పొడుగు అనే పిలుస్తాం.

"అక్కా, మూల చూడు. మాస్టారు పలకెత్తబోతున్నాడు. మూడు తీసుకో."

"లేవు" అన్నాడు అధ్యక్షుడు.

"అక్కా, మూడు! మూడు!"

"ఆగరా, సుత్తి పైనుంది" అంది అక్క.

సుత్తి పడింది. చప్పుడు ఆరిపోకముందే హాలంతా కనిపించే బొమ్మ వేసింది. ఎవరో అలవాటుగా "శభాష్" అన్నారు.

మాస్టారు పలకను రెండు చేతులా పైకెత్తి లేచి నిలబడ్డాడట. అధ్యక్షుడు అనుమతిస్తే తప్ప మైకు వెలగదు. ఆయన ఏదో అరుస్తున్నాడు, టీవీలో మాత్రం వినిపించడం లేదు. అధ్యక్షుడు తలవంచుకుని తర్వాతి తీర్మానం చదవడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు బీన్స్ తుంచుతూ ఉంది. "అమ్మాయ్, ఇవాళ సుత్తికి ముందు ఆ మూల కూర్చున్నాయన చెయ్యి చాపుతున్నాడు, ఇంతలో నువ్వు మార్చేశావు. దేనికే చాపింది, మంచినీళ్ళకా?" అని అడిగింది.

"అవునత్తయ్యా, మంచినీళ్ళకే" అంది అక్క.

తర్వాత ఈ సంగతంతా నాకు చెప్పినప్పుడు ఆమె ఎక్కువ బాధపడింది ఈ ఒక్క మాటకే. "పెద్దావిడ ఆ బొమ్మలో ఉన్నదంతా చూసింది. నేను ఆవిడకు మంచినీళ్ళకని అబద్ధం చెప్పాను" అంది.

మాస్టారు అభ్యంతరం రాసిచ్చాడు. తాను సుత్తికి ముందే పలకెత్తానని. మరుసటి రోజు పొద్దున్నే న్యాయ విభాగం గదికి అక్కను పిలిచారు. లోపలికి వెళ్ళేముందు వసారాలో ప్రసారాల అధికారి ఆమెను ఆపాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కెమెరాల కోసం మాతోపాటు పోట్లాడినవాడే.

"మేడమ్, బయటికి వెళ్ళిన బొమ్మే మన సాక్ష్యం. దానికి మించి మనం ఒక్క మాట అన్నా, రేపటినుంచి ప్రతి తగాదాకూ మనల్నే పిలుస్తారు. ఓడినవాడు మనల్ని తిడతాడు. ఆ షరతు మనమే ఒప్పుకున్నాం. కెమెరాలు వద్దన్నవాళ్ళు ఈ అవకాశం కోసమే కాచుకుని ఉన్నారు" అన్నాడు.

"తెలుసండి" అంది అక్క.

లోపల మాస్టారి ముందే రికార్డు వేసి చూశారు. హాలంతా కనిపించే బొమ్మలో, బాగా చివర, మాస్టారి చెయ్యి పలక వైపు వెళుతోంది. కట్. అధ్యక్షుడు, సుత్తి. కట్. మాస్టారు పలకెత్తి ఉన్నాడు. మధ్యలో ఏం జరిగిందో బొమ్మలో లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. ఎన్నిసార్లు చూసినా అంతే ఉంటుంది కదా.

"చెయ్యి పలక మీద ఉంది. పలక లేచినట్టు లేదు" అన్నాడు న్యాయాధికారి. అక్క వైపు తిరిగాడు. "మీరేం చూశారమ్మా?"

"నేను అధ్యక్షుడి బొమ్మ మీద ఉన్నానండి" అంది అక్క.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మాస్టారు ఆమె వైపు చూశాడు. ఇంకేమైనా చెబుతుందేమోనని కాసేపు ఆగాడు. తర్వాత, "పోనీలెండి, ఆవిడ పని ఆవిడ చేసింది" అని లేచి, అందరికీ దణ్ణం పెట్టి బయటికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తి లోపలికి జరిపాడట, బళ్ళో పిల్లలకు నేర్పినట్టు.

తీర్మానం నిలబడింది.

మెట్ల దగ్గర పొడుగు ఆమె కోసం నిలబడి ఉన్నాడు. వాడిది ఏటేటా ఒప్పందం తిరిగి రాయించుకునే ఉద్యోగం. అయినా, "నువ్వు చెబితే నేనూ వచ్చి చెప్తానక్కా" అని ముందురోజే అన్నాడు.

"ఏం చెప్పావక్కా?"

"నేను అధ్యక్షుడి బొమ్మ మీద ఉన్నానని చెప్పా."

"అంతేనా?"

"అంతేరా. ఏం చూశావంటే అదే చెప్పా."

"సరే మేడమ్" అన్నాడు వాడు.

ఆ రోజు తర్వాత వాడి నోట అక్క అన్న మాట నేను వినలేదు. పనిలో ఏ లోటూ చేయలేదు. ఆమె ఏ బొమ్మ అడిగితే ఆ బొమ్మ క్షణంలో ఇచ్చేవాడు. అడగని బొమ్మ ఎప్పుడూ ఇవ్వలేదు. కెమెరా మనిషి తానుగా ఒకటి చూసి "ఇది చూడు" అనకపోతే అవతల కూర్చున్నవాళ్ళకు సగం కళ్ళు పోయినట్టే. ఇంకొకరైతే పై అధికారికి చెప్పి వాణ్ణి మార్పించేవారు. అక్క మార్పించలేదు.

ఒకసారి నా గదిలో కూర్చుని స్విచ్చర్ మీటలు తుడుస్తూ, "భయపడి చెప్పలేదని వాడనుకుంటున్నాడు. భయమూ ఉంది, కాదనను. కానీ వాడు 'మూడు' అని అరిచినప్పుడు నాకు భయమేం లేదు. మూడు నా కళ్ళముందే ఉంది, పలక లేచి ఉంది. సుత్తి పైనుంది. ఆ దెబ్బ చెడిపోతుందని తీసుకోలేదు. ఆ కట్ బాగా పడింది కూడా. అదీ నా బాధ" అంది.

ఒక పని చేతికి బాగా పట్టుబడ్డాక చెయ్యి తనంతట తాను చేసుకుపోతుంది. అదే పనితనమని మేమంతా అనుకుంటాం. ఆ చెయ్యిని ఆపగలగడం కూడా అందులో భాగమేనని నాకు అప్పటిదాకా తోచలేదు. తోచినా ఆమెకు చెప్పి ప్రయోజనం లేదు. మీటలకు నూనె రాసి ఇచ్చాను.

ఆమె తన వంతుగా ఒక మార్పు చేసింది. ఎవర్నీ అడగలేదు. "అభ్యంతరాలున్నాయా?" అన్న మాట వినపడగానే హాలంతా కనిపించే బొమ్మ వేసి, సుత్తి పడి ఆ చప్పుడు పూర్తిగా ఆరిపోయేదాకా దాన్ని కదిపేది కాదు. చూడటానికి చప్పగా ఉండేది. సుత్తి ఎక్కడో చీమంత కనిపించేది. వార్తల వాళ్ళు ఫిర్యాదు చేశారు. ప్రసారాల అధికారి వచ్చి, "ఏమైంది మేడమ్, చెయ్యి మొద్దుబారిందా?" అని నవ్వుతూనే అడిగాడు. ఇంట్లో అత్తగారు కూడా, "ఈ మధ్య సుత్తి దగ్గరగా చూపించట్లేదేంటే? అదొక్కటీ బాగుండేది" అంది. అందరికీ ఆమె ఒకే జవాబు చెప్పింది. "ఇలాగే చూపించాలనుకుంటున్నాను."

మా గదిలో శభాష్ అనే అలవాటు పోయింది.

మరుసటి ఏడాది సభ మొదలైన రోజున అక్క మామూలుకంటే ముందే వచ్చింది. మూల బల్ల దగ్గరికి ఎవరో ఒకమ్మాయి వచ్చి, సంచి పెట్టుకుని, కూర్చుంది. మైకు ముట్టుకోలేదు. పైకి చూడలేదు. అక్క నా దగ్గరికి దిగివచ్చి, మైకులు చూసే వంకతో నన్ను వెంటబెట్టుకుని హాల్లోకి వెళ్ళింది.

"మాస్టారు రాలేదామ్మా?" అని అడిగింది, మైకు మెడ తిప్పుతూ.

"ఆయనిక రారండి. పోయినేడు పలకెత్తడం ఆలస్యం చేశారు కదా. మా వాళ్ళకు చాలా కోపం వచ్చింది. నిద్రపోయాడన్నారు, కొందరైతే కావాలనే చేశాడన్నారు." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "నేను ఆయన దగ్గరే చదువుకున్నానండి. ఇప్పుడు ఏ మీటింగులో ఆయన చెయ్యెత్తినా వెనకనుంచి ఎవరో ఒకరు, 'తొందరేం లేదు మాస్టారూ, సుత్తి పడనివ్వండి' అంటారు. అందరూ నవ్వుతారు. అందుకే బయటికి రావడం మానేశారు."

అక్క మాస్టారి ఫోన్ నంబరు అడిగి రాయించుకుంది.

భోజనాల వేళ నా గదికి వచ్చింది. అక్కడ చప్పుడు తక్కువ. లైను సరిగా లేదు, చెవికి పెట్టుకుంటే వినిపించడం లేదు. నేనే ఫోన్‌ను బల్ల మీద పెట్టి స్పీకర్ వేశాను. బయటికి పోబోతుంటే ఉండమని చేత్తో సైగ చేసింది.

"మాస్టారూ, నేను సభలో... అద్దం వెనకనుంచి మాట్లాడేదాన్ని."

"ఓ, హాజరు వేసే అమ్మా! చెప్పమ్మా. మైకులన్నీ బాగున్నాయా? ఆ మూలది కొంచెం గరగరమనేది, చూడమని చెప్పు."

"చూస్తామండి." ఆమె ఫోన్ మీదికి వంగింది. తర్వాత ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "మాస్టారూ, మీరు ముందే ఎత్తారు. సుత్తి ఇంకా పైనే ఉంది. నేను చూశాను. మా కెమెరా అబ్బాయి అరిచాడు కూడా. నేనే ఆ బొమ్మ తీసుకోలేదు. మర్నాడు అడిగినప్పుడు కూడా చెప్పలేదు."

అటువైపు ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. అది ఆగింది.

"ముందే ఎత్తానా?" అన్నాడు మాస్టారు.

"ముందేనండి."

"నాకూ మొదట్లో అలాగే గుర్తుండేది. తర్వాత ఆ వీడియో అందరూ చూపించడం, నేనూ చూడటం... చూసి చూసి ఇప్పుడు నాకు కూడా ఆలస్యం చేసినట్టే గుర్తొస్తోంది. కళ్ళు మూసుకుంటే సుత్తి పడ్డాకే చెయ్యి లేస్తోంది."

"ఎవరికి చెప్పమంటే వాళ్ళకు చెప్తాను మాస్టారూ. మండలికి కూడా రాసిస్తాను. ఏమైతే అదవుతుంది."

"ఇప్పుడెందుకమ్మా? పెద్ద ఓడలు వచ్చేశాయి. రాత్రిళ్ళు లైట్లేసుకుని మా గుమ్మం ముందే ఉన్నట్టుంటాయి. నువ్వు రాసిచ్చినా అవి వెనక్కి పోవు." అన్నాడు మాస్టారు. "ఒక్క పని చెయ్యి. మా ఆవిడ ఇక్కడే ఉంది. ఇప్పుడు నాకు చెప్పింది ఆవిడకు చెబుతావా?"

ఫోన్ చేతులు మారింది. అక్క మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈసారి మాటలు తడబడలేదు.

"ఆయన అప్పుడే చెప్పాడమ్మా" అంది ఆవిడ. "ఇంటికొచ్చిన రోజే చెప్పాడు. మేమే నమ్మలేదు. టీవీలో మా కళ్ళతో మేం చూశాం కదా. ఇల్లంతా కూర్చుని చూశాం. కట్టుకున్నవాడి మాట కాదని దాన్ని నమ్మాను." ఏడుస్తోందో లేదో తెలియలేదు. "ఉండమ్మా, మా మరిది వచ్చాడు. వాడికీ చెప్పు. ఎక్కువ నవ్వింది వాడే."

మూడోసారి చెప్పింది అక్క. మరిది మధ్యలో ఆపకుండా విన్నాడు. విని, "అయితే ఆ బొమ్మ ఇప్పుడు టీవీలో వేస్తారా?" అని అడిగాడు.

"ఆ బొమ్మ లేదండి. బయటికి వెళ్ళినవే ఉంచుతాం. మిగతావి పోతాయి."

"బొమ్మ లేకపోతే ఎలా నమ్మమంటారు? ఆయనే మీ చేత చెప్పించాడని అంటారు ఊళ్ళో."

"నేను చూశానండి. నా మాట నమ్మండి."

పైన హాల్లో సభ మళ్ళీ మొదలవుతోందని గంట మోగింది. అక్క లేవలేదు. గుమ్మంలో పొడుగు నిలబడి ఉన్నాడు. పిలవడానికి వచ్చినట్టున్నాడు, ఎంతసేపటినుంచి ఉన్నాడో నాకు తెలియదు. పైకి వెళ్ళిపోయాడు.

ఫోన్ మళ్ళీ మాస్టారి చేతికి వచ్చింది.

"వాడంతే, వాడి సంగతి వదిలెయ్యమ్మా" అన్నాడు. "మా ఆవిడ నమ్మింది. నువ్వెళ్ళు, గంట మోగింది కదా."